రాయగలరు, రాసింది చదవలేరు: లోపం కంట్లో లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. మూడు నెలల కిందట స్ట్రోక్ వచ్చింది. కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి, మాటలోనూ తేడా లేదు. కానీ ‘కుడి కన్ను పోయింది’ అంటున్నారు. కుడివైపు తలుపులకీ మనుషులకీ తగులుకుంటున్నారు. కంటి డాక్టరు చూసి రెండు కళ్లూ బాగున్నాయన్నారు. కొత్త అద్దాలు రాసిస్తే పెట్టుకున్నారు గానీ ఏమీ మారలేదు. ఇంకో వింత ఏమిటంటే, ఆయన పేపరు చదవలేకపోతున్నారు. మనం చెబితే మాత్రం తప్పుల్లేకుండా రాస్తారు. కాసేపాగి అదే కాగితం చేతికిస్తే, తను రాసిందే చదవలేరు! ఎడమ మెదడు వెనక భాగం దెబ్బతిందని రిపోర్టులో ఉంది. ఎడమ మెదడు కుడి కంటిని చూసుకుంటుంది కాబట్టి ఆ కన్ను పోయిందనుకుందాం. ఎడమ కన్ను ఉంది కదా, దాంతో చదవొచ్చు కదా? ఇంట్లో ఒకరిద్దరు ‘నటన’ అని కూడా అంటున్నారు. మేం ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ చివరి మాట సంగతి. అది నటన కాదు. కుడివైపు కనబడకపోవడం, రాయగలిగీ చదవలేకపోవడం కలిసి రావడం 1892 నుంచీ వైద్యులకు తెలిసిన విషయమే. ఆ ఏడాది పారిస్‌లో జూల్ దెజెరీన్ అనే నాడీ వైద్యుడు సరిగ్గా ఇలాంటి రోగి గురించి రాశాడు. ఆ రోగి చనిపోయాక మెదడును పరీక్షించి, దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా చూపించాడు. మీ నాన్నగారిదీ అదేనా అన్నది స్కాన్ చూసి న్యూరాలజిస్టు తేల్చాలి. మీరు రాసిన వివరాలైతే అటే చూపిస్తున్నాయి.

ఎడమ మెదడు కుడి కంటిని చూసుకుంటుందనే మాట చాలామంది నమ్మేదే గానీ, అది తప్పు. మీ ప్రశ్నలో చిక్కంతా దానివల్లే వచ్చింది. మెదడులో ఒక్కో సగం చూసుకునేది ఒక్కో కంటిని కాదు, ఎదురుగా ఉన్న దృశ్యంలో ఒక్కో సగాన్ని. గోడ గడియారం మధ్యలో చూపు నిలిపారనుకోండి. 3 అంకె కుడివైపు, 9 అంకె ఎడమవైపు పడతాయి. కంటి లెన్సు బొమ్మను తిరగేస్తుంది కాబట్టి 3 అంకె రెండు కళ్లలోనూ రెటీనా (కంటి లోపల వెనకుండే తెర) ఎడమ సగం మీద పడుతుంది. ఎడమ కంట్లో ఆ సగం చెవి వైపున ఉంటుంది, కుడి కంట్లో ముక్కు వైపున ఉంటుంది. ఆప్టిక్ కయాజం అనే కూడలి దగ్గర ముక్కు వైపు నుంచి వచ్చే నాడీ తంతువులు అవతలి పక్కకు దాటతాయి, చెవి వైపువి దాటకుండా ఉన్న పక్కనే సాగిపోతాయి. అందుకే రెండు కళ్లు చూసిన 3 అంకె కూడా ఎడమ మెదడుకే చేరుతుంది, 9 అంకె కుడి మెదడుకే చేరుతుంది. ఒక్కో కంటి నాడిలో పది లక్షలకు పైగా తంతువులుంటాయి. వాటిలో సగం కంటే కాస్త ఎక్కువ, దాదాపు 53 శాతం, ఆ కూడలిలో దాటేవే.

కాబట్టి కూడలికి వెనక, ఎడమ మెదడులో దెబ్బ తగిలితే పోయేది కుడి కన్ను కాదు. రెండు కళ్లలోనూ కుడి సగం పోతుంది. వైద్యులు దీన్ని హెమియానోపియా అంటారు. ఇది వచ్చినవాళ్లలో చాలామంది మీ నాన్నగారిలాగే ‘కన్ను పోయింది’ అంటారు, ఎందుకంటే పోయిన సగం నల్లగా కనిపించదు. మన తల వెనక ఏముందో మనకు నల్లగా కనిపిస్తుందా? అసలు కనిపించనే కనిపించదు. ఆయనకు కుడివైపు కూడా అంతే.

ఇక రెండు సగాలూ ఎక్కడ కలుస్తాయన్నది చూద్దాం. చూపులో రెండు రకాల కలయికలున్నాయి. ఒకటి కంటికీ కంటికీ మధ్య జరిగేది. మెదడు లోపల ఎల్‌జీఎన్ అనే మజిలీలో ఆరు పొరలుంటాయి. 1, 4, 6 పొరలకు అవతలి కంటి నుంచి, 2, 3, 5 పొరలకు ఇవతలి కంటి నుంచి సమాచారం వస్తుంది. అక్కడిదాకా రెండు కళ్ల కబురూ విడివిడిగానే ఉంటుంది. ఆ తర్వాత తల వెనక భాగంలోని ప్రాథమిక దృష్టి ప్రాంతంలో రెండూ ఒకే కణం మీదికి చేరతాయి. రెండు కళ్ల బొమ్మల మధ్య ఉన్న చిన్న తేడాను బట్టి లోతు తెలిసేది అక్కడి నుంచే. ఈ పని దాదాపు అంతా ఒకే సగం లోపల జరిగిపోతుంది.

రెండోది సగానికీ సగానికీ మధ్య జరిగే కలయిక. మీ నాన్నగారి సమస్య ఇక్కడిది. రెండు సగాలూ వచ్చి ఒక తెర మీద అతుక్కునే చోటు మెదడులో ఎక్కడా లేదు. ప్రాథమిక దృష్టి ప్రాంతంలో ఎడమ మెదడు దగ్గర కుడి సగం పటం మాత్రమే, కుడి మెదడు దగ్గర ఎడమ సగం పటం మాత్రమే ఉంటాయి. ఈ రెండింటినీ కలిపే తంతువులు పటమంతా పరుచుకుని ఉండవు. దృశ్యం నట్టనడుమ నిలువు గీత పడే అంచు దగ్గర, అంటే ప్రాథమిక ప్రాంతం ముగిసి తర్వాతి ప్రాంతం మొదలయ్యే సరిహద్దు దగ్గర, దట్టంగా ఉంటాయి. రెండు గుడ్డ ముక్కల్ని అంచుల దగ్గరే కుడతాం, గుడ్డ నడుమ కుట్టు వెయ్యం కదా, ఇదీ అంతే. అక్కడి నుంచి ముందుకు పోయేకొద్దీ ఒక్కో కణం చూసే మేర పెరుగుతూ పోతుంది. వస్తువుల్నీ ముఖాల్నీ గుర్తుపట్టే టెంపొరల్ భాగానికి వచ్చేసరికి ఒకే కణం నడిగీతకు రెండు వైపులా ఉన్నదానికి స్పందిస్తుంది. రెండో వైపు సమాచారం దానికి చేరేది కార్పస్ కెలోజం మీదుగానే. మెదడు రెండు సగాల్నీ కలిపే ఈ పట్టీలో సుమారు 20 కోట్ల తంతువులుంటాయి. దాని వెనక కొసను స్ప్లీనియం అంటారు. చూపు సమాచారం దాటేది ముఖ్యంగా ఇక్కడే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఒక సాదా మెరుపు సమాచారం అవతలికి దాటడానికి పట్టే అదనపు సమయం మూడు నాలుగు మిల్లీసెకన్లే. అందుకే అతుకు ఉందని మనకు ఎప్పుడూ తెలియదు.

మూర్ఛ తగ్గించడానికి ఈ పట్టీని కోసేసిన రోగుల్ని రోజర్ స్పెర్రీ, మైకేల్ గజానిగా 1960ల్లో పరీక్షించారు. ఎడమవైపు ఒక బొమ్మను క్షణకాలం మెరిపిస్తే వాళ్లు ‘ఏమీ కనబడలేదు’ అనేవారు. ఎడమ చెయ్యి మాత్రం తడుముకుంటూ సరైన వస్తువును తీసేది. చూసింది కుడి మెదడు, మాట్లాడేది ఎడమ మెదడు, మధ్యలో దారి లేదు. స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. చూపు దారుల్ని కణం కణంగా పరిశీలించిన హ్యూబెల్, వీజెల్ కూడా అదే ఏడాది ఆ బహుమతి పంచుకున్నారు.

ఇప్పుడు మీ నాన్నగారు పేపరు చూస్తున్నారనుకోండి. కుడివైపు అక్షరాలు వెళ్లాల్సిన ఎడమ దృష్టి ప్రాంతం పని చెయ్యడం లేదు. ఎడమవైపు అక్షరాలు కుడి మెదడుకు చేరుతున్నాయి, ఆయనకు స్పష్టంగానే కనబడుతున్నాయి. కానీ చాలామందిలో రాత గుర్తుపట్టే ప్రాంతం, భాష రెండూ ఉండేది ఎడమ మెదడులో. కుడి మెదడు చూసింది అక్కడికి చేరాలంటే స్ప్లీనియం దాటాలి. మెదడు వెనక భాగానికి రక్తం ఇచ్చే పోస్టీరియర్ సెరిబ్రల్ ధమనే సాధారణంగా స్ప్లీనియానికి కూడా రక్తం ఇస్తుంది. ఎడమ ధమని మూసుకుపోతే ఒక్కోసారి రెండూ ఒకే దెబ్బకు పోతాయి. కార్పస్ కెలోజంలో ముందు భాగాలకు వేరే ధమని ఉంది కాబట్టి అవి మిగులుతాయి. అంటే ఆయన భాష చెక్కుచెదరలేదు, రాసే చెయ్యీ బాగానే ఉంది, ఎడమ సగం చూపూ బాగానే ఉంది. చూపు నుంచి భాషకు వెళ్లే దారి ఒక్కటే తెగింది. రాయడానికి ఆ దారి అక్కర్లేదు, చదవడానికి అదే కావాలి.

దీన్ని ఇంట్లోనే కొంత పరీక్షించి చూడొచ్చు. ఆయనకు ఎదురుగా మీటరు దూరంలో, కళ్లు ఒకే ఎత్తులో ఉండేలా కూర్చోండి. ఆయన అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంటే మీరు కుడి కన్ను మూసుకోండి. మీ తెరిచిన కంటినే చూస్తుండమనండి. ఇద్దరికీ సరిగ్గా మధ్య దూరంలో చెయ్యి పెట్టి, పైన కుడి, పైన ఎడమ, కింద కుడి, కింద ఎడమ, ఇలా నాలుగు మూలల్లో ఒక్కోసారి ఒకటో రెండో ఐదో వేళ్లు చూపించి ఎన్నని అడగండి. మూడు, నాలుగు వద్దు, కనబడేవాళ్లు కూడా తడబడతారు. ఆయన చూపు మీ కంటి మీంచి జారిందా, ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు, మళ్లీ చెయ్యండి. తర్వాత రెండో కన్ను మూయించి ఇదంతా మళ్లీ చేయండి. ఏ కన్ను మూసినా ఆయన కుడివైపే తప్పుతుంటే దెబ్బ కూడలికి వెనక ఉన్నట్టు. ఒక కంటిలోనే తప్పితే అది కంటి సమస్యో, కంటి నాడి సమస్యో. రెండు కళ్లలోనూ బయటి పక్కలు, అంటే చెవుల వైపులు తప్పితే కూడలి దగ్గరే ఏదో నొక్కుతున్నట్టు. అక్కడ పిట్యుటరీ గ్రంథిలో గడ్డ ఉందేమో చూడాలి, ఆలస్యం పనికిరాదు.

తర్వాత రెండు కళ్లూ తెరిపించి, రెండు వైపులా ఒకేసారి వేళ్లు చూపించండి. ఒక్కోవైపు విడిగా చూపిస్తే చెప్పి, రెండూ కలిపి చూపిస్తే ఒక వైపు వదిలేస్తుంటే, అది చూపు పోవడం కాదు, ధ్యాస పోవడం. ఇది ఎక్కువగా కుడి మెదడు దెబ్బతిన్నప్పుడు ఎడమవైపుకు వస్తుంది, అలాంటివాళ్లలో చాలామందికి తమకు లోపం ఉందనే తెలియదు. తెల్ల కాగితం మీద 20 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, మధ్యలో గుర్తు పెట్టమని కూడా అడగండి. చూపు పోయినవాళ్లు కనబడని వైపుకే కాస్త జరిపి పెడతారు, ధ్యాస పోయినవాళ్లు వదిలేసిన వైపు నుంచి దూరంగా పెడతారు. ఇవన్నీ అంచనా కోసమే. అసలు పరీక్ష విజువల్ ఫీల్డ్ టెస్ట్, దాన్నే పెరిమెట్రీ అంటారు. ఒక్కో కంటికి 24-2 లేదా 30-2 పద్ధతిలో చేయించి, ఆ రెండు కాగితాలూ స్కాన్‌తో కలిపి న్యూరాలజిస్టుకు చూపించండి. అక్షరాల బోర్డు చదివించే మామూలు కంటి పరీక్షలో సగం చూపు పోయినా బయటపడకపోవచ్చు. మీ డాక్టరు కళ్లు బాగున్నాయన్నది అబద్ధం కాదు, కళ్లు బాగానే ఉన్నాయి.

చదవలేకపోవడంలో కూడా రెండు రకాలున్నాయి, దేనికి సాధన దానిదే. అట్టముక్కల మీద ‘కథ’, ‘ఇల్లు’ లాంటి చిన్న మాటలు పది, ‘పరుగెత్తాడు’, ‘అనుకున్నట్టుగానే’ లాంటి పెద్ద మాటలు పది రాసి, ఒక్కోటీ చదవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్లో చూసి రాసుకోండి. చిన్న మాటలు టక్కున చదివి, పెద్ద మాటల చివర మాత్రం తప్పుతుంటే, అంటే ‘వచ్చాడు’ని ‘వచ్చాను’ అంటుంటే, అది కుడి సగం కనబడకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది. తెలుగులో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవన్నీ మాట చివరే, అంటే కుడి కొసనే ఉంటాయి కాబట్టి మనకు ఈ రకం ఇబ్బంది బాగా తగులుతుంది. అలాకాక ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, అక్షరం పెరిగేకొద్దీ సెకన్లు పెరుగుతూ పోతుంటే, లేదా విడి అక్షరం కూడా పేరు పెట్టి చెప్పలేకపోతుంటే, అది దారి తెగిన రకం. మీరు రాసినదాన్ని బట్టి ఆయనకు రెండూ ఉండి ఉండాలి. రంగులు కూడా చూడండి. ఒకే రంగు ముక్కల్ని జతపరచగలిగి పేరు మాత్రం తప్పు చెబుతుంటే అదీ ఇదే దారి తెగిన గుర్తు. అంకెలు చాలామందికి అక్షరాల కంటే బాగా మిగులుతాయి.

దారి తెగిన రకానికి పనికొచ్చే ఉపాయం చూపును పక్కనపెట్టి స్పర్శతో వెళ్లడం. కుడి చేతి స్పర్శ నేరుగా ఎడమ మెదడుకు, అంటే భాష ఉన్న చోటికే చేరుతుంది. ఆయన్ని కళ్లు మూసుకోమని, కుడి అరచేతి మీద మీ వేలితో ఒక అక్షరం నెమ్మదిగా రాయండి. కంటితో చెప్పలేని అక్షరాన్ని చాలామంది ఇలా చెప్పేస్తారు. అది కుదిరితే రెండో అడుగు వెయ్యండి. నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు అక్షరం అట్ట మీద రాసి, చూస్తూ ఆయన చేతే కుడి చూపుడువేలితో దాని మీద గీయించి, పేరు చెప్పించండి. వేలి కదలిక ద్వారా అక్షరం భాషకు తెలుస్తుంది. రోజుకు పది అక్షరాలు, పదిహేను ఇరవై నిమిషాలు, పొద్దునా సాయంత్రం చాలు. మ-య, ప-వ, థ-ధ లాంటి జంటల్ని మొదటి వారాల్లో ఒకే రోజు పెట్టకండి. విడి అక్షరాలు కుదిరాక గుణింతాలు, తర్వాత వత్తులు. కొన్నాళ్లకు వేలు కాగితాన్ని తాకకుండానే ఒళ్లో కదులుతుంది. అది మంచిదే, ఆపొద్దు.

కూడబలుక్కునైనా మాటలు చదవగలిగే స్థితికి వచ్చాక, 80 నుంచి 100 మాటల పేరా ఒకటి తీసుకుని దాన్నే పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు పైకి చదివించండి. సమయం రాసుకోండి. రెండు మూడు రోజులు వరసగా సమయం తగ్గడం ఆగిపోతే పేరా మార్చండి. ఆఫాసియా (మెదడు దెబ్బ వల్ల వచ్చే భాషా లోపం) మీద పనిచేసే స్పీచ్ థెరపిస్టు దొరికితే ఈ రెండు పద్ధతులూ వివరించి అడగండి. మాట బాగుంది కాబట్టి స్పీచ్ థెరపీ ఎందుకని ఎవరైనా అంటే వినకండి, చదవడం వాళ్ల పనే.

కుడి సగం కనబడని ఇబ్బందికి సాధన వేరే. మాట మొదట్లో చూపు నిలిపితే మిగతాదంతా కనబడని వైపు పోతుంది. అందుకే మాట చివరి అక్షరం మీద చూపు నిలపడం నేర్పాలి, అప్పుడు మాటంతా ఎడమ సగంలో పడుతుంది. పేజీ కుడి అంచున పైనుంచి కిందికి ఎర్రగీత గీసి, అది కనబడేదాకా వరస అయిపోలేదని చెప్పండి. వరస కింద అట్టముక్క పెడితే వరస తప్పరు, అయితే వత్తులు మూసుకుపోకుండా కాస్త దిగువన పెట్టాలి. ఫోన్లోనో టీవీలోనో కుడి నుంచి ఎడమకు ఒకే వరసగా జరిగే అక్షరాల్ని రోజుకు ఇరవై నిమిషాలు చదవడం కూడా పనికొస్తుంది. అది చూసేటప్పుడు కళ్లు తమంతట తామే మాటిమాటికీ కుడికి దూకుతాయి. కాగితాన్ని సవ్య దిశలో పావు వంతు తిప్పి, పైనుంచి కిందికి చదివేవాళ్లూ ఉన్నారు. అలా తిప్పితే రాబోయే వరసలు ఎడమవైపుకు, అంటే కనబడే వైపుకు వస్తాయి. అలవాటవడానికి రోజులు పడుతుంది, నచ్చకపోతే వదిలెయ్యండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది, అక్షరాల సైజు బాగా పెంచేస్తారు. సైజు పెరిగేకొద్దీ మిగిలిన సగం చూపులో పట్టే అక్షరాలు తగ్గిపోతాయి, కళ్లు ఇంకా ఎక్కువసార్లు దూకాలి. మామూలు పుస్తకం సైజు కంటే కాస్త పెద్దది, వరసల మధ్య ఎక్కువ ఖాళీ, ఇరుకు కాలమ్, ఇవి చాలు.

నడకకు సంబంధించి: పక్కన నడిచేవాళ్లు ఆయనకు కుడివైపున ఉండాలి. గదిలో కుడి కొసన కూర్చోబెడితే మనుషులంతా ఎడమవైపు, కనబడేచోట ఉంటారు. గుమ్మం దాటే ముందు, రోడ్డు దగ్గర, తల కుడికి తిప్పడం మొదట, అడుగు వెయ్యడం తర్వాత. తల కదపకుండా కళ్లను కుడి చివరిదాకా ఒక్క పెద్ద దూకుడుతో పంపడం రోజూ సాధన చేయించండి. బల్ల మీద ఇరవై చిన్న వస్తువులు పరిచి, చెప్పినవి వెతికి తీయమంటే అదే సాధన అవుతుంది. సరిపడే చూపు ఉన్నవాళ్లకు కుడి అద్దం పైనా కిందా అతికించే 40 డయాప్టర్ల ప్రిజం పట్టీలు కనబడని వైపు నుంచి సుమారు 20 డిగ్రీల మేర దృశ్యాన్ని లోపలికి తెస్తాయి. అవి నడకకే, చదవడానికి కాదు. మామూలు అద్దాలు మార్చడం వల్ల ఈ లోపంలో మార్పు రాదు. ఫీల్డ్ టెస్ట్ చూసి డాక్టరు రాసిచ్చేదాకా బండి నడపనివ్వొద్దు.

చూపు తనంతట తాను తిరిగొచ్చేది ఎక్కువగా తొలి మూడు నెలల్లోనే. ఆరు నెలలు దాటాక అరుదు. కాబట్టి ఇప్పుడు ఒక ఫీల్డ్ టెస్ట్, ఆరో నెలలో ఇంకొకటి చేయించి పోల్చండి. చదవడం, వెతకడం మాత్రం సాధన వల్ల ఆ తర్వాత కూడా మెరుగుపడతాయి.

ఈలోగా రెండు విషయాల్లో జాగ్రత్త. ఆయన మందుల పేర్లు చదవలేరు, కానీ అలవాటు కొద్దీ డబ్బా చూసి తీసుకునే ప్రమాదం ఉంది. వారానికి సరిపడా మందులు పూటలవారీ డబ్బాలో మీరే సర్దండి. ఆయన సంతకం మునుపటిలాగే పెట్టగలరు, పెట్టేది దేనిమీదో చదవలేరు. ఏ కాగితమైనా నమ్మకమైన మనిషి పైకి చదివి వినిపించాకే కలం ఇవ్వండి. కుడివైపు రంగులో బొమ్మలో కనబడుతున్నాయంటే కంగారు పడొద్దు, చూపు పోయిన వైపు అలా వస్తుంటాయి. ఒకే బొమ్మ పదే పదే వచ్చి, దాంతో పాటు చెయ్యో ముఖమో అదిరినా, కాసేపు స్పృహ తప్పినా అది మూర్ఛ కావచ్చు, న్యూరాలజిస్టుకు చెప్పండి. కొత్తగా ఉన్నట్టుండి చూపు తగ్గినా, మాట తడబడినా, ఒక పక్క బలం పోయినా మర్నాటిదాకా ఆగకండి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా గడువు లక్షణం మొదలైన నాలుగున్నర గంటలు, కాబట్టి మొదలైన సమయం గుర్తుపెట్టుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.